లంకాసంక్రమ విచారము

మన కావ్యములలోఁ బురవర్ణనము లేని కావ్య మరుదు. దండి మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో మొదటిది నగరమే. ఆ విధి ననుసరించి సంస్కృతకవులును, వారివెంట నాంధ్రకవులును గోట లెత్తిరి, అగడ్తలు త్రవ్విరి, మేడలు నిలిపిరి. అగడ్త లోఁతు పాతాళమును ముట్టును. కోటకొమ్మలు చుక్కల నొరయును. మేడలమీఁది పడఁతులు చందమామను జేతితో నందుకొందురు. ఇది మనకు నలవాటైన సొంపు. దీనిని దూషించుట నా యుద్దేశము గాదు. కాని యొక చిన్న ప్రశ్న చిరకాలముగా నా మనసున మెదలుచున్నది. పాతాళమును ముట్టు నా యగడ్తను దాఁటి జనులు లోని కెట్లు వచ్చుచున్నారు? వారి యింటి కుప్పుబండి యే దారిని వచ్చినది? కోట వెలుపలి తోఁటలోఁ బూలు గోసిన పుష్పలావికలు ప్రొద్దు గ్రుంకకమున్నే యేమార్గమున మరలిరి?

ఈ ప్రశ్న కావ్యరసమునకుఁ బరాయిది కాదు. దండి పట్టికలో సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము, జలక్రీడ, మంత్రము, దూత, ప్రయాణము, యుద్ధము కలవు, వంతెన లేదు. పట్టికలో లేనిదానిని గవులు సామాన్యముగాఁ బట్టించుకొనలేదు. అయినను గల్పితమగు పురము పురముగా నిలుచునో, గోడమీఁది చిత్తరువుగా మిగులునో తేల్చునది దాని ద్వారమువద్ద నుండు వంతెనయే యని నా మతము. వంతెన పురమునకు మేర. మిత్రుని రానిచ్చునదియు నదియే, శత్రువును రానీయనిదియు నదియే. ఈ రెండు విరుద్ధధర్మము లొక్క యాశ్రయమున నుండుట దాని స్వభావము. ఈ విరోధమును గుర్తించి, దానికి వలసిన పనిముట్లతోడను, గాపరులతోడను, లోపములతోడను జూపిన కవి యొకఁడు గలఁడు, ఆయన వాల్మీకి, ఆ స్థలము యుద్ధకాండమున హనుమంతుఁడు లంకాదుర్గమును రామునకు నివేదించు తృతీయసర్గము. ఆ స్థలమును శబ్దశాస్త్రదృష్టితో విమర్శించి, పిమ్మటఁ దెలుఁగుదేశమునందలి నిజమైన వంతెనలతోడను రేవులతోడను బోల్చి చూచుట యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

మొదట శబ్దములఁ జూతము. మనము నేఁడు వంతెన యనియు, వారధి యనియు నొక్కయర్థమున వాడుకొనుచున్నాము. వారధి యను మాటకు సంస్కృతమున నీ యర్థము లేదు. వారిధి యనఁగా సముద్రమే. సంస్కృతమున నీ పనికి రెండు శబ్దములు గలవు: సేతువు, సంక్రమము. సేతుశబ్దము బంధనార్థకమగు షిఞ్ ధాతువునకుఁ దున్‌ప్రత్యయము చేరఁగా సిద్ధించినది. కట్టుట దాని ప్రాణము. అందువలననే యమరసింహుఁడు దానిని ఆలి యను కట్టకుఁ బర్యాయముగాఁ జెప్పెను. సంక్రమశబ్ద మట్లు గాదు. సమ్‌పూర్వకమగు క్రమధాతువునకు ఘఞ్ చేరినది. ఆ ప్రత్యయము చేరునపుడు వృద్ధి రావలసియుండఁగా, మాంతధాతువగుటచే నది నిషిద్ధమై సంక్రామ మనక సంక్రమ మైనది. అడుగు వేసి దాఁటుట దాని ప్రాణము. అమరమున దీనికి దుర్గసంచరము పర్యాయము. అనఁగాఁ బోశక్యముగాని చోటఁ బోవుటకు సాధనము. సేతువు నీటిని గట్టును. సంక్రమము నీటిని గట్టదు, మనుష్యుని దాఁటించును.

వాల్మీకి యీ రెంటిని గలిపివేయలేదు. నలుఁడు శిలలను వృక్షములను సముద్రమునఁ బడవేసి కట్టినది సేతువు. లంకాపరిఖలమీఁద నున్నవి సంక్రమములు. ఒకటి యంతయుఁ గట్ట. రెండవ దంతయు నడక. ఈ భేదము మనకుఁ బ్రత్యక్షము కావలెనన్న బెజవాడకుఁ బోయి చూచిన జాలును. 1957వ సంవత్సరమునఁ గృష్ణానదిమీఁదఁ బ్రారంభమైన ప్రకాశము బ్యారేజి నీటిని నిలిపి కాలువలకు మరల్చునపుడు సేతువు. దానిమీఁద బండ్లు నడచునపుడు సంక్రమము. ఒక్క కట్టడమున రెండు శబ్దముల యర్థములు నిలిచియున్నవి. అంతకు మునుపు నూఱేండ్లకుఁ బైగా నచ్చట నున్న యానకట్ట ప్రధానముగా సేతువే.

ఇఁక లంకకు వత్తము. రాముఁ డడుగఁగా హనుమంతుఁడు చెప్పిన క్రమ మిది. లంకకు నాలుగు మహాద్వారములు, వానికి దృఢమైన తలుపులు, పెద్ద గడియలు, రాళ్లను బాణములను విసరు యంత్రములు, ఇనుప శతఘ్నులు, బంగరు ప్రాకారము, చుట్టును జల్లని నీటితో మొసళ్లతో నిండిన పరిఖలు. ఆ పరిఖలమీఁద ద్వారమునకు నొకటిచొప్పున నాలుగు సంక్రమములు. ఇవి మిక్కిలి పెద్దవి, అనేకయంత్రములతోఁ గూడినవి. శత్రుసేన వచ్చినపు డా యంత్రములు పని చేయును. ఈ నాలుగింటిలో నొక్కటి మాత్రము కదలింపరానిది, మిక్కిలి బలమైనది, బంగరు స్తంభములతోడను వేదికలతోడను నొప్పుచున్నది. వర్ణన మింతే. మాటలు కొలఁది. కాని ప్రతిమాటకు నొక పని యున్నది.

ఇందు మూఁడుచోట్ల విచారము గావలసియున్నది.

మొదటిది పాఠభేదము. మనదేశమున విరివిగాఁ జదువఁబడు ప్రతులలో సంక్రమములు యంత్రములతోడను గృహపంక్తులతోడను గూడియున్నవని పాఠము. బరోడా ప్రాచ్యవిద్యామందిరమువారు 1960–1975 సంవత్సరముల నడుమఁ బ్రకటించిన సంశోధితప్రతిలో గృహపంక్తిశబ్దమునకు మాఱుగా దృఢసంధిశబ్ద మున్నది. అపు డది యంత్రములకు విశేషణమై, గట్టి కీళ్లుగల యంత్రములని యర్థ మగును. వ్యాకరణదృష్టిఁ జూచిన రెండవపాఠము నున్ననిది. ఏలయన, అచ్చట నున్న మహచ్ఛబ్దము స్త్రీలింగమునఁ బ్రయుక్తము గాలేదు, పంక్తిశబ్దము స్త్రీలింగము. కావున మహచ్ఛబ్దము పంక్తికిఁ జెందదు, యంత్రమునకే చెందును. అపుడు గృహపంక్తిపదము విశేషణములేక, చకారములేక యొంటరిగా నిలుచును. దృఢసంధిపాఠమున నీ చిక్కు లేదు. మూఁడు విశేషణములును యంత్రశబ్దముతోఁ జక్కఁగా నన్వయించును.

అయినను, నున్నని పాఠ మెల్లప్పుడు ప్రాచీనపాఠము గాదు. లేఖకుఁడు చిక్కుగలదానిని జక్కఁజేయును గాని, చక్కఁగా నున్నదానిని జిక్కుపఱుపఁడు. వంతెనమీఁద నిండ్లేమి యని సంశయించిన లేఖకుఁడు గృహపంక్తిని దృఢసంధిగా దిద్దియుండుట సంభావ్యము. గట్టి కీళ్లను దీసివైచి యిండ్ల వరుసను దెచ్చిపెట్టుటకు హేతువు గానరాదు. చకారము లేకున్నను సముచ్చయార్థము గమ్యమానమగుట కావ్యములందుఁ గ్రొత్త గాదు. ఇఁక నర్థమందురా, వంతెనమీఁద నిండ్లుండుట లోకమున నెఱుఁగనిది గాదు. లండనునందలి పాతవంతెనమీఁద 18వ శతాబ్ది మధ్యమువఱకు నిండ్లు, అంగళ్లు బారులు దీఱి యుండెను. ఇటలీదేశమున ఫ్లారెన్సునగరపుఁ బాతవంతెనమీఁద నేఁటికిని నగలయంగళ్లు గలవు. లంకాసంక్రమములు మిక్కిలి విశాలమైనవని కవియే చెప్పెను. యంత్రములున్నచో వానిని నడపువా రుండవలెను. రేయింబవళ్లు కాచువారికి నిలుచుటకు నీడ కావలెను. కావున గృహపంక్తు లనఁగా సంక్రమరక్షకుల యిండ్లని చెప్పుకొనుట యుచితము. సంశోధితప్రతి సంపాదకుల శ్రమను గౌరవించుచునే, నేను ప్రాచీనులు చదివిన పాఠమువైపు మొగ్గుచున్నాను.

రెండవది క్రియాపదము. శత్రుసేన వచ్చినపుడు సంక్రమములు త్రాయంతే యని కవి ప్రయోగము. త్రైఙ్ ధాతువు పాలనార్థకము, ఆత్మనేపది. కర్తరి శప్‌వికరణముతో నైకారమునకు ఆయాదేశము వచ్చి త్రాయతే యగును. కర్మణి యక్ చేరి, ధాతువున కాత్వము వచ్చి యదియు త్రాయతే యనియే యగును. స్వరభేద మున్నను లౌకికకావ్యమున స్వరము వ్రాయఁబడదు. కాఁబట్టి యీ క్రియను రెండు తెఱఁగుల గ్రహింపవచ్చును: సంక్రమములు కాపాడుచున్నవి, సంక్రమములు కాపాడఁబడుచున్నవి. వెంటనే తృతీయాంతమగు యంత్రశబ్ద ముండుటచేఁ గర్మణిప్రయోగమే సులభాన్వయము. యంత్రములచేత సంక్రమములు రక్షింపఁబడుచున్నవని యర్థము. అయిన నా తృతీయాంతమును బైక్రియతోఁ గలిపికొన్నచోఁ గర్తరిప్రయోగము నడ్డువడదు. ఇది కవి కోరి కల్పించిన శ్లేషయని నేను జెప్పను. కాని వంతెనవిషయమున నీ రెండర్థములు విడివడవని మాత్రము చెప్పఁదగును. పురమును గాపాడు వంతెనయే మొదట గాపాడుకొనవలసిన చోటు. లంకను జొచ్చి వెడలినపుడు తాను జేసినదానిని జెప్పుచు హనుమంతుఁడు సంక్రమములను విఱిచితిననియే మొదటఁ బలికి, పరిఖలను బూడ్చుటను, బురమును గాల్చుటను దర్వాతఁ జెప్పెను. దుర్గరహస్య మెఱిఁగిన దూత వరుస తప్పి పలుకఁడు గదా.

మూఁడవది కర్మనిర్ణయము. అవకీర్యంతే యనఁగాఁ జల్లఁబడుచున్నవి, పడఁద్రోయఁబడుచున్నవి. ఏవి? శత్రుసేనలు పరిఖలలోఁ బడఁద్రోయఁబడునని సంప్రదాయార్థము. రస మందే యున్నది. కాని యా వాక్యమునఁ బ్రథమాబహువచనాంతము సంక్రమశబ్ద మొక్కటియే. సైన్యశబ్దము సమాసమధ్యమున నుపసర్జనమై చిక్కియున్నది; దాని నచ్చటనుండి యూడఁదీసి వేఱొక వాక్యమునకుఁ గర్మముగాఁ జేయుట యధ్యాహారముచేతఁ గాని పొసఁగదు. శబ్దమర్యాద ననుసరించినచో సంక్రమములే పరిఖలలోనికిఁ బడఁద్రోయఁబడుచున్నవని యర్థమగును. అనఁగా శత్రువు మీఁదికి వచ్చినపుడు వంతెనయే కాళ్లక్రిందనుండి తొలఁగిపోవును. ఈ యర్థము నాకు మిక్కిలి రుచించుచున్నది. వంతెన పడినఁ బైనున్న సేనయుఁ బడును గావున సంప్రదాయార్థమునకును హాని లేదు.

ఇట్టి వంతెనలు కవికల్పనలు గావనుటకుఁ గౌటిలీయార్థశాస్త్రము సాక్షి. 1909వ సంవత్సరమున శామశాస్త్రిగారు మైసూరున నీ గ్రంథమును అచ్చువేయించువఱకు మన పండితుల కీ సాక్ష్యము చేతికందలేదు. దుర్గవిధానమునఁ గౌటిల్యుఁడు ద్వారముఖమునఁ గట్టవలసిన సంక్రమమును జెప్పుచు, అది తీసివేయుటకు వీలైనదిగా నుండవలెననియు, నీరులేనిచో మట్టితోఁ జేసినదైనఁ జాలుననియు విధించెను. సంహార్యమను విశేషణమే వాల్మీకివాక్యమునకు వ్యాఖ్యానము. తీసివేయఁదగిన వంతెనలు రాజనీతికి నెఱుకయైనవే. వానినే యాదికవి యంత్రసహితముగా రాక్షసపురమున నిలిపెను.

అట్లయిన నొక్క సంక్రమము మాత్ర మేల కదలింపరానిదిగా నుండవలెను? ఇచ్చట వాల్మీకి హేతువు చెప్పలేదు. నేను జెప్పునది నా యూహ. నాలుగు వంతెనలును దీసివేయఁదగినవే యైనచో నా పురము నిత్యము భయముతో బ్రదుకునట్టిది. ఒక్క దారియైన నమ్మఁదగినదిగా నుండనిదే యెంత రాక్షసపురమైనను నిలువదు. స్తంభములు, వేదికలు యుద్ధమునకుఁ బనికివచ్చునవి గావు. నిలిచి మాటలాడుటకు, గూర్చుండి యెదురుచూచుటకు, రాజు వెడలునపుడు చూచుటకుఁ బనికివచ్చును. మూఁడు వంతెనలు శత్రువును దలఁచి కట్టినవి; నాలుగవది తమ్ముఁ దాము దలఁచి కట్టుకొన్నది. మూఁటికిఁ జలనమును నొకదానికి నిశ్చలత్వమును జెప్పుటలో వాల్మీకి పురస్వభావమును బట్టుకొన్నాఁడు.

అయినను లంకాసంక్రమమున నొక గొప్పలోపము గలదు. ఆ లోపమును గవియే యెఱిఁగి చెప్పియున్నాఁడు. అదే సర్గమున హనుమంతుఁడు లంకచుట్టు నావలు నడచు మార్గము లేదనెను. సముద్రమధ్యమున నున్న పురమునకు రేవు లేదు! ఈ దుర్గనివేదనమున నేనుఁగులు, గుఱ్ఱములు, రథములు, శూలధారులగు రాక్షసులు లెక్కకు వచ్చిరి. వర్తకుఁ డొక్కఁడును రాలేదు. మఱి యింత బంగార మెచ్చటిది? ఉత్తరకాండ మెఱిఁగినవారికి సమాధానము దెలియును: పురము కుబేరునిది, పుష్పకము కుబేరునిది, రావణుఁడు గైకొన్నాఁడు. కొల్లగొన్న ధనమునకు వర్తకునితోఁ బనిలేదు; రేవుతోఁ బనిలేదు; రానిచ్చు వంతెనతోఁ బనిలేదు. కావున లంకాద్వారమున నర్గళ మున్నది, సుంకము లేదు. యంత్రమున్నది, యభయము లేదు. శరణార్థియై యా పురమునకు వచ్చినవానిని మనము చూడము. ఆ పురమునుండి శరణార్థియై వెడలిన విభీషణునిఁ జూతుము. ఆ విభీషణుఁడే సేతువు పూర్తియైనపుడు గదాపాణియై సముద్రముయొక్క యావలితీరమున మంత్రులతోఁ గూడి నిలిచి శత్రువులు దానిపైఁ బడకుండఁ గాచెను. రాముని సేతువునకును రక్షకుఁడు గలఁడు. అయితే యా రక్షకుఁడు శరణుపొందినవాఁడు. రెండు వంతెనలకును గల భేద మంతయు నిందే యున్నది.

అర్గళము, సుంకము, అభయము అను నీ మూఁడును గలసినఁ గాని యెల్లనగరము నగరము గాదు. దీనికిఁ గౌటిల్యుఁడే ప్రమాణము. ఎల్లలఁ గాచువానికి నంతపాలుఁడని పేరు. సరకుబండికి నతఁడు పణమును బాతికయు వర్తని యను దారిసుంకము గైకొనును. ఒంటిగిట్ట జంతువునకుఁ బణము, పశువునకు సగము, చిన్నపశువునకుఁ బాతిక, భుజముమీఁది మోపునకు మాషము. ఇంతవఱకు సుంకము. తర్వాతిమాట యభయము: దారిలోఁ బోయినదానిని, దొంగిలింపఁబడినదానిని నతఁడే పూరించి యీయవలెను. గైకొన్న సుంకమునకుఁ బ్రతిగా నభయ మీయకున్న నది సుంకము గాదు, దోఁపిడియే. నూజివీటి సీమలో మామిడిబండ్లు దోలిన యెల్లప్రాంతపువారి కీమాట విడమఱచి చెప్పఁబనిలేదు. చాట్రాయికి దాపుననే నిజాము రాజ్యపు టెల్ల యుండెడిది. ఆ రాజ్యమున సరిహద్దుసుంకపు శాఖకుఁ గరోడ్గిరి యని పేరు. 2014వ సంవత్సరమునుండి యా ప్రాంతమున రెండు తెలుఁగురాష్ట్రముల యెల్ల గలదు. ఎల్ల యనునది గీఁత గాదు, బండి నిలుచు చోటు.

తెలుఁగుదేశమున నీ ధర్మమును శిలమీఁదఁ జెక్కించిన రాజు కాకతి గణపతిదేవుఁడు. చినగంజాము దాపుననున్న మోటుపల్లిరేవున నాయన 1244–45 సంవత్సరమున వేయించిన యభయశాసనమున వర్తకుల కిచ్చిన మాట యిది: పూర్వపురాజులు గాలివానకుఁ జిక్కి యొడ్డుకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని సరకునెల్ల బలిమిఁ గైకొనుచుండిరి, ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రయానసాహసము చేయువారియందు దయఁబూని మే మట్లు సేయక, నియతమైన సుంకమును మాత్రమే గైకొందుము. ఆ సుంకము ముప్పదింట నొకపాలు. శాసనమున సరకులపట్టికయుఁ గలదు. అగడ్త, ప్రాకారము, యంత్రము దీనిలో లేవు. ఒక మాట మాత్రమున్నది. ఆ మాటయే రేవునకు వంతెన. రావణుని పురమున నోడదారి లేదు. గణపతిదేవుని రేవున విఱిగిన యోడకును దారి యున్నది. రెడ్డిరాజులలో ననపోతరెడ్డి 1358వ సంవత్సరమున నీ మోటుపల్లియందే మరల వర్తకుల కభయ మిచ్చి శాసనము వేయించెను.

శాసనము కావ్యము గాదందురేని, కావ్యమును జూపెదను. శ్రీనాథుఁడు హరవిలాసమును రాజున కంకితమీయలేదు; అవచి తిప్పయసెట్టి యను వర్తకున కంకిత మిచ్చెను. ఆ కృత్యాదిని సెట్టిసోదరులు కుమారగిరిరెడ్డికి వసంతోత్సవములకై సుగంధద్రవ్యములు సమకూర్చుటయు, సింహళమునుండి యేనుఁగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, జీనాంబరములను దెప్పించుటయు వర్ణితమైనవి. ఇచ్చట సరకునకు నూరు పేరున్నది. ఊరికి దూర మున్నది. దూరమునకు సాహస మున్నది. నగరమున నంగడిలోఁ గుప్పలుగాఁ బోసిన రత్నములకంటె నీ పేరులు మనసునకు నెక్కువ యైశ్వర్యమును దోఁపించుచున్నవి. కుబేరునితోఁ బోల్చిన వర్తకుఁడు మఱచిపోఁబడును. హురుమంజి గుఱ్ఱమును దింపించిన వర్తకుఁడు నిలుచును.

వంతెన పురమునకు వెనుక వచ్చునది గాదు, ముందు వచ్చునది యనుటకు హైదరాబాదు నిదర్శనము. గోలకొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షా 1578వ సంవత్సరమున మూసీమీఁద రాతివంతెన గట్టించెను, అదియే పురానాపూల్. హైదరాబాదునగరము 1591లోఁ గాని పుట్టలేదు. వంతెన పదుమూఁడేండ్లు ముందు. ఒక యొడ్డున గోలకొండకోటయు, కోటకును వంతెనకును నడుమ వజ్రవర్తకుల కార్వానును. రెండవయొడ్డున నప్పటికి నగరము లేదు. వంతెన పడినతర్వాత నగరము వెలసినది. 17వ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుఁడు టావెర్నియే యీ వంతెనను బారిసునగరపుఁ బ్రసిద్ధసేతువుతోఁ బోల్చెను. నగరద్వారమున నుప్పును బొగాకును గలవేమోయని పరదేశీయులను సోదా చేయుచుండిరనియు, లోనికిఁ బోవుటకు సెలవుకై యొక్కొక్కప్పు డొకటి రెండు దినములు వేచియుండవలసివచ్చుననియు వ్రాసెను. వజ్రములూరిలో సోదా యుప్పునకు! ఈ యొక్క వివరముచే నా నగరము మన కన్నులయెదుట నిలుచుచున్నది. ఇట్టిది కవి కల్పింపఁజాలినచో నెంత బాగుండును!

ఆ ఇబ్రహీమే మన కవుల మల్కిభరాముఁడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును గృతినందినవాఁ డాయనయే. రాజ్యమునకు రాకమున్ను విజయనగరమున నళియరామరాయలయొద్ద నేడేండ్లు తలదాఁచుకొన్నవాఁడు. ఎల్ల దాఁటి శరణుపొందుట యన నెట్టిదో యెఱిఁగినవాఁడు. ఆయన కట్టించిన వంతెన 1908వ సంవత్సరపు మూసీవఱదను దట్టుకొని నిలిచినది. ఇటీవలి దశాబ్దములలో దానిమీఁదఁ గూరగాయల యంగళ్లు బారులు దీఱినవి. గృహపంక్తిపాఠమును వంతెనమీఁద నిండ్లేమి యని త్రోసిపుచ్చువా రచ్చటికిఁ బోయి యొక వీసె వంకాయలు గొనితెచ్చుకొందురుగాక!

ఇఁక మన ప్రబంధపురములకు వత్తము. మనుచరిత్రమున నరుణాస్పదపురము వరణానదీతీరమున నున్నది. ప్రవరుఁడు దేశములు చూడఁగోరువాఁడు, ఇల్లు విడువలేనివాఁడు. సిద్ధుఁడు పాదలేప మిచ్చెను. ఆ లేపముతో నతఁడు నదులు, ఎల్లలు, ఠాణాలు నన్నియు దాఁటి క్షణములో హిమవత్పర్వతమునఁ బడెను; మంచునకు లేపము గరఁగెను; మరలు దారి లేకపోయెను. పెద్దన యిచ్చట నెంతటి లోకజ్ఞుఁడో చూడుఁడు! అడుగడుగున దాఁటిపోయినవానికి దారి తెలియును. దాఁటకయే పోయినవానికి మరలుట తెలియదు. సంక్రమములేని గమనము గమనమే కాదని యా కథ మనకుఁ జెప్పుచున్నది. వంతెనను వర్ణింపకున్నను, వంతెన లేమిని గథకు మూలముగాఁ జేసికొనుటచేఁ బెద్దన కృతార్థుఁడైనాఁడు. అది యెఱుఁగక, లేపమును మాత్రము గైకొని, కరఁగుటను విడిచిన తర్వాతివారి కథలలో నాయకుఁ డెచ్చటికైనఁ బోవును, ఎట్లైన వచ్చును. చదువరికి మాత్ర మాయాసమును లేదు, ఆనందమును లేదు.

కావ్యము కరణము లెక్కగాదు, వంతెనకుఁ గొలతలును బండికి సుంకమును వ్రాయుమని కవిని నిర్బంధింపరాదని కొంద రనవచ్చును. నిజమే. నేను గోరునది కొలత గాదు, ఔచిత్యము. వాల్మీకి వంతెన పొడవు చెప్పలేదు. ఒకటి కదలదని చెప్పెను. శ్రీనాథుఁడు గుఱ్ఱము వెల చెప్పలేదు; అది వచ్చిన యూరు చెప్పెను. కొలఁదిమాటలలో లోకము నిలుపుట కవిశక్తి. అతిశయోక్తి పరిఖను లోఁతు చేయఁగలదు. దాని నెట్లు దాఁటుదురో చెప్పఁజాలదు. నేఁడు మన కథకులును జలనచిత్రములవారును మాహిష్మతులవంటి మహాపురములను మరల నిర్మించుచున్నారు. పేరు పురాణములది, పురము వారిది. ప్రాకారముల యెత్తు మునుపటికంటెఁ బెరిగినది. వారి నడుగవలసిన ప్రశ్నయు నదియే: మీ పురమునకు బియ్యమెచ్చటనుండి వచ్చును? ఆ బండిని నిలుపువాఁ డెవఁడు? దారిలోఁ బోయినచో నష్టము నిచ్చువాఁ డెవఁడు? ఈ మూఁటికి బదులు చెప్పఁగల కథకుని పురమున యుద్ధము వచ్చినపుడు మనకు భయము గలుగును. ఏలయన నచ్చట మనవంటివారు బ్రదుకుచున్నారని మన కెఱుకయైయుండును. బదులు లేని పురము కాలినను మనకుఁ జింత లేదు, అది యట్టపెట్టె.

కావున నా నిర్ణయ మిది. లంకాసంక్రమవర్ణనము పురవర్ణనములలో నుత్తమోదాహరణము. అందలి గృహపంక్తిపాఠము గ్రాహ్యము. త్రాయంతే యను క్రియ కర్మణిప్రయోగముగాఁ గైకొనుట మేలు, కర్తరియర్థము ధ్వనిగా నిలుచుచున్నది. అవకీర్యంతే యను క్రియకు సంక్రమములే శబ్దమర్యాదచేఁ గర్మములు. లంక పడుటకు వానరులబలము, రామబాణము కారణములే. దానితోడ నింకొకటియుఁ గలదు: రానిచ్చుట యెఱుఁగని వంతెన తనవారి నాపఁజాలదు. మోటుపల్లి శిలమీఁది మాటకును లంకాద్వారమునందలి యంత్రమునకును నడుమ నున్న దూరమే నాగరకతకుఁ గొలత. ఈ విచారమున యుక్తాయుక్తముల నిర్ణయించుటకు సహృదయులే ప్రమాణము.